ప్రీబయోటిక్ బార్లు తిన్నాక నా కడుపులో ఏం జరిగింది

మోషన్ సంగతి బయటికి మాట్లాడాలంటే అందరికీ మొహమాటమే, నాకూ ఉండేది. కానీ దాదాపు రెండేళ్లు మూడు రోజులకోసారి, ఒక్కోసారి నాలుగు రోజులకోసారి వెళ్తూ, వెళ్లిన రోజు కూడా పూర్తిగా అయిందన్న తృప్తి లేకుండా గడిపాక ఆ మొహమాటం పోయింది. డాక్టర్‌కి చూపించుకున్నాను. రక్తపరీక్షలు చేశారు, థైరాయిడ్ బాగుంది, షుగర్ లేదు, పెద్ద జబ్బేమీ కాదన్నారు. నీళ్లు బాగా తాగు, నడువు, పీచు ఎక్కువ తిను అని చెప్పి పంపించారు. ఆ మూడో మాట దగ్గరే నా తిప్పలు మొదలయ్యాయి.

పీచంటే కూరగాయలు కోసుకోవాలి, పప్పులు నానబెట్టుకోవాలి, అంత తీరిక ఎక్కడిది అనుకుని సులువైన దారి వెతికాను. ‘ప్రీబయోటిక్ ఫైబర్ కలిపినది’ అని ముందువైపు పెద్ద అక్షరాలతో ఉన్న స్నాక్ బార్లు కనిపించాయి. వెనక చూస్తే ఒక్కో బార్‌లో 9 గ్రాముల పీచు, అందులో చాలావరకు చికోరీ రూట్ ఫైబర్. రోజుకి 25 గ్రాముల పీచు కావాలంటారు కదా, రెండు బార్లతో 18 వచ్చేస్తుంది, మిగతాది మామూలు భోజనంలో సరిపోతుంది అని లెక్కేసుకుని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మొదలుపెట్టాను.

రెండో రోజు సాయంత్రానికే కడుపు బిర్రుగా అయిపోయింది. బొడ్డుకి కుడివైపు కింద నుంచి గుడగుడమని చప్పుళ్లు, ఆగకుండా గ్యాస్. మూడో రోజు ఆఫీసులో కూర్చోలేక మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. నాలుగో రోజు మోషన్ అయితే అయింది, కానీ నీళ్లలా, నొప్పితో, మూడుసార్లు. ఐదో రోజు మిగిలిన బార్లు కనపడకుండా పైన పెట్టేసి, ఈ ప్రీబయోటిక్ గొడవంతా వట్టి ప్రచారం అని తేల్చేసుకున్నాను. అలా తేల్చేసుకోవడం తప్పు. నేను మొదలుపెట్టిన తీరు కూడా తప్పే. ఎందుకు తప్పో తెలుసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది కాబట్టి, మీకు అంత సమయం పట్టకూడదని రాస్తున్నాను.

ముందు ప్రీబయోటిక్ అన్న మాట సంగతి. ప్రోబయోటిక్ అంటే బతికున్న బ్యాక్టీరియానే తినడం లేదా తాగడం. ప్రీబయోటిక్ అంటే మన పేగుల్లో ఇప్పటికే ఉన్న బ్యాక్టీరియాకి తిండి పెట్టడం. ఈ మాటని 1995లో గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రాబర్‌ఫ్రాయిడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాడుకలోకి తెచ్చారు. మనకి అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడ మేలు చేసే కొన్ని రకాల బ్యాక్టీరియాని ఎంచి మరీ పెంచే ఆహారపదార్థం అని వాళ్ల ఉద్దేశం. 2017లో నిపుణుల బృందం ఒకటి ఈ నిర్వచనాన్ని కొంచెం వెడల్పు చేసింది కానీ రెండు షరతులు మాత్రం అలాగే ఉంచింది. ఆ పదార్థాన్ని అన్ని సూక్ష్మజీవులూ కాకుండా కొన్ని మాత్రమే ప్రత్యేకంగా వాడుకోవాలి, దానివల్ల మనిషికి ఏదో ఒక మేలు నిజంగా జరగాలి. అంటే పీచంతా ప్రీబయోటిక్ కాదు. గోధుమ తవుడులోని గట్టి పీచు చాలావరకు తిన్నది తిన్నట్టే బయటికి వస్తుంది. ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లు పీల్చుకుని జిగురులా ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది తప్ప బ్యాక్టీరియా దాన్ని పెద్దగా తినదు. అవి చెడ్డవని కాదు, మలబద్ధకానికి ఇసబ్‌గోల్ చాలామందికి బాగా పనిచేస్తుంది, కానీ అది పనిచేసే పద్ధతి వేరు.

నా బార్‌లో ఉన్న చికోరీ పీచు అసలు పేరు ఇనులిన్. 1804లో ఒక జర్మన్ శాస్త్రవేత్త వేరే మొక్క వేరు నుంచి దీన్ని మొదటిసారి వేరుచేశాడు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ఎక్కువగా చికోరీ వేరు నుంచి తీస్తారు, ఎందుకంటే పచ్చి వేరు బరువులో ఇంచుమించు 15 నుంచి 20 శాతం దాకా ఇనులినే ఉంటుంది. ఇది ఫ్రక్టోజ్ అనే చక్కెర అణువుల గొలుసు. రెండు మూడు అణువుల పొట్టి గొలుసు నుంచి 60 దాకా ఉండే పొడుగు గొలుసు వరకు అన్నీ కలిసి ఉంటాయి. ఆ చక్కెరల మధ్య ఉన్న ముడి ఎలాంటిదంటే, మన చిన్నపేగులో ఉన్న ఏ ఎంజైమూ దాన్ని విప్పలేదు. పిండిపదార్థాన్ని, మామూలు పంచదారని ముక్కలు చేసే ఎంజైములు మనకున్నాయి, దీనికి మాత్రం లేవు. అందుకని తిన్న ఇనులిన్ దాదాపు మొత్తం చెక్కుచెదరకుండా పెద్దపేగుకి చేరుతుంది. మనం విప్పలేని ఆ ముడిని విప్పే ఎంజైములు అక్కడ బైఫిడోబ్యాక్టీరియా దగ్గర ఉన్నాయి.

ఈ బైఫిడోబ్యాక్టీరియా కథ నాకు చాలా ఇష్టం కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుతాను. 1899లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రీ టిస్సియే అనే డాక్టర్ తల్లిపాలు తాగే పసిపిల్లల మలంలో వీటిని మొదట చూశాడు. తల్లిపాలు తాగే పిల్లల్లోనే ఇవి అంత విరివిగా ఎందుకుంటాయంటే, తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఒక రకం చక్కెర గొలుసులే, వాటిని బిడ్డ అరిగించుకోలేదు. బిడ్డకి అరగని పదార్థాన్ని తల్లి ఒళ్లు పనిగట్టుకుని ఎందుకు తయారు చేస్తుంది? బిడ్డ పేగులో ఉన్న బ్యాక్టీరియా కోసం. తల్లి ఒక్క బిడ్డకే కాదు, బిడ్డ కడుపులో ఉన్నవాటికి కూడా పాలిస్తోంది. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ప్రీబయోటిక్ అనేది ఏ కంపెనీవాళ్లో కనిపెట్టింది కాదు, మనుషులకి అది పుట్టిన రోజు నుంచీ ఉన్నదే. పాలపొడి డబ్బాల్లో జీఓఎస్, ఎఫ్ఓఎస్ అని కలిపేది ఆ తల్లిపాల గొలుసుల పనిని కొంతైనా చేయించడానికే. జీఓఎస్‌ని లాక్టోజ్ నుంచి ఎంజైముతో తయారు చేస్తారు, ఎఫ్ఓఎస్ అంటే ఇనులిన్ లాంటిదే కానీ పొట్టి గొలుసులు.

సరే, బైఫిడోబ్యాక్టీరియా ఇనులిన్ తిన్నాయి, అయితే మనకేంటి? అవి తిని అసిటేట్, లాక్టేట్ అనే ఆమ్లాలు వదులుతాయి. వాటిని ఇంకో జట్టు బ్యాక్టీరియా తింటుంది. ఫీకాలిబ్యాక్టీరియం, రోజ్‌బూరియా, అనేరోస్టైప్స్ అని వాటి పేర్లు. ఒకరి ఎంగిలి ఇంకొకరికి భోజనం అన్నమాట. ఈ రెండో జట్టు ఆఖరికి బ్యూటిరేట్ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. మన పెద్దపేగు లోపలి గోడ కణాలకి కావాల్సిన శక్తిలో ఇంచుమించు 70 శాతం ఈ బ్యూటిరేట్ నుంచే వస్తుంది. ఒంట్లో మిగతా కణాలు చాలావరకు రక్తంలోంచి వచ్చే గ్లూకోజ్ మీద ఆధారపడితే, పెద్దపేగు గోడ మాత్రం తన పక్కనే కాపురమున్న బ్యాక్టీరియా వండిపెట్టింది తింటుంది. అది సరిగ్గా అందితే గోడ గట్టిగా ఉంటుంది, పైన జిగురు పొర బాగుంటుంది. మనం వాటికి పీచు పెట్టకపోతే వాటిలో కొన్ని ఆ జిగురు పొరనే తినడం మొదలుపెడతాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది.

మన ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో ఒక లెక్క వేశారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. ఆ బ్యాక్టీరియా మొత్తం బరువు 200 గ్రాములు మాత్రమే, దాదాపు అన్నీ పెద్దపేగులోనే. పదింతలు ఎక్కువ బ్యాక్టీరియా అని ఇప్పటికీ చాలాచోట్ల రాస్తుంటారు, అది పాత లెక్క.

ఇప్పుడు మోషన్ విషయానికి వద్దాం, నాకు కావాల్సింది అదే కదా. పీచంటే పేగుల్ని ఊడ్చే చీపురు అని నేను చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాను. ఇనులిన్ చీపురు కాదు, అది నీళ్లలో కరిగిపోతుంది. అది తిన్న బ్యాక్టీరియా సంఖ్య పెరుగుతుంది, మలంలో నీళ్లు తీసేస్తే మిగిలేదాంట్లో పెద్ద భాగం బ్యాక్టీరియానే కాబట్టి మలం పరిమాణం పెరుగుతుంది, మెత్తబడుతుంది, వాటినుంచి వచ్చే ఆమ్లాలు పేగు కదలికని కూడా కొంచెం ప్రేరేపిస్తాయి. యూరప్‌లో ఆహార భద్రతా సంస్థ 2015లో దీన్ని పరిశీలించి, చికోరీ ఇనులిన్ రోజుకి కనీసం 12 గ్రాములు తీసుకుంటే మలవిసర్జన తరచుదనం పెరుగుతుందని ఒప్పుకుంది. ఆ సంస్థ చాలా కఠినంగా ఉంటుంది, ప్రోబయోటిక్‌ల మీద కంపెనీలు పెట్టుకున్న దరఖాస్తుల్ని వరసగా తిరస్కరించిన సంస్థ అది, అందుకే ఈ ఒక్క ఒప్పుకోలుకి నేను విలువిస్తాను. కానీ ఆ వాక్యంలో 12 అనే అంకె ఉంది చూశారా, దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం కూడా నాకు ఉపయోగపడింది. కొద్దిపాటి మలబద్ధకం ఉన్నవాళ్లకి రోజుకి 12 గ్రాముల ఇనులిన్ ఇచ్చి చూశారు. బైఫిడోబ్యాక్టీరియా, అనేరోస్టైప్స్ పెరిగాయి, బైలోఫిలా అనే రకం తగ్గింది, ఆ బైలోఫిలా తగ్గినవాళ్లలో మలం మెత్తబడింది. మిగతా వందల రకాల్లో పెద్దగా మార్పు లేదు. ఇది చదివాకే నాకు స్పష్టత వచ్చింది. ఇనులిన్ పేగులోని బ్యాక్టీరియా లోకాన్నంతా మార్చేయదు, కొన్నిటిని మాత్రమే పెంచుతుంది, ఆ కొన్నిటి వల్ల మలబద్ధకానికి ఓ మోస్తరు మేలు జరుగుతుంది. ‘గట్ హెల్త్’ అని ప్యాకెట్ మీద రాసినప్పుడు మనం ఊహించుకునేదానికీ ఈ నిజానికీ చాలా దూరం ఉంది, అయినా ఈ నిజం చిన్నదేం కాదు, రెండేళ్లు బాధపడినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

మరి నాకు మొదట ఎందుకు బెడిసికొట్టింది? ఏ పూటకి ఆ పూట 9 గ్రాములు ఒక్కసారిగా పడేశాను కాబట్టి. అన్ని గ్రాములకి అలవాటు లేని పేగులోకి అంత చక్కెర గొలుసు ఒకేసారి వచ్చేసరికి బ్యాక్టీరియా దాన్ని గబగబా పులియబెట్టాయి. పులిస్తే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి, కొందరిలో మీథేన్ కూడా. గొలుసు ఎంత పొట్టిగా ఉంటే అంత తొందరగా, పెద్దపేగు మొదట్లోనే పులిసిపోతుంది. పెద్దపేగు మొదలయ్యేది మన కుడివైపు కిందే, నాకు గుడగుడలు అక్కడే ఎందుకొచ్చాయో అప్పుడర్థమైంది. పొడుగు గొలుసులు నెమ్మదిగా పులుస్తూ ఇంకాస్త దూరం వెళ్తాయి. దానికి తోడు పులియని చక్కెరలు పేగులోకి నీళ్లని లాగుతాయి, నీళ్ల విరేచనాలకి అదే కారణం. మలబద్ధకానికి డాక్టర్లు రాసే లాక్టులోజ్ సిరప్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది, అది కూడా మనకి అరగని చక్కెరే, బైఫిడోబ్యాక్టీరియాకి ఇష్టమైన తిండే.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు బార్లు కాకుండా విడిగా ఇనులిన్ పొడి తెచ్చుకున్నాను, ఎన్ని గ్రాములో నా చేతుల్లో ఉండాలని. మొదటి వారం రోజుకి 2 గ్రాములు, అల్పాహారంతో. గ్యాస్ కొంచెం తెలిసింది, భరించలేనంత కాదు. రెండో వారం 4, అదీ రెండు పూటలుగా. అలా వారానికి రెండేసి గ్రాములు పెంచుకుంటూ పోయాను. ఏ వారమైనా కడుపు ఉబ్బరంగా అనిపిస్తే పెంచకుండా అక్కడే ఆగేవాణ్ణి. 10 గ్రాములకి వచ్చేసరికి దాదాపు రెండు నెలలు పట్టింది. నాకు మామూలుగా ఓపిక తక్కువ, ఆరంభశూరత్వం ఎక్కువ, ఇంత నెమ్మదిగా నేను ఏ పనీ చేయలేదు. నీళ్లు బాగా తాగడం, సాయంత్రం నడక మానలేదు. వీటిలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను, కానీ మిగతా రెండూ అంతకుముందు నుంచే చేస్తున్నాను కాబట్టి తేడా ఎక్కువగా ఈ పొడి వల్లే వచ్చిందని నా నమ్మకం.

లెక్క రాసుకున్నాను కూడా. 1997లో బ్రిస్టల్ అనే ఊళ్లో ఇద్దరు డాక్టర్లు మలాన్ని ఏడు రకాలుగా విభజించి ఒక పట్టిక చేశారు, గట్టి ఉండలైతే 1, పూర్తిగా నీళ్లయితే 7, మధ్యలో 3, 4 ఉంటే బాగున్నట్టు. ఒక చిన్న నోట్‌బుక్‌లో రోజూ తారీఖు, ఎన్ని గ్రాములు, ఏ నంబరు, ఉబ్బరం ఎంత అని రాసేవాణ్ణి. మొదట్లో అన్నీ 1, 2 నంబర్లే, వారానికి రెండు మూడు గీతలే. పదో వారం పేజీ చూస్తే ఐదు గీతలున్నాయి, ఎక్కువ 3, 4లే. ఆ పేజీ చూసుకున్న రోజు నాకు కలిగిన సంతోషం ఇంకెవరికైనా చెప్తే అర్థమవుతుందో లేదో కానీ, మలబద్ధకం ఉన్నవాళ్లకి అర్థమవుతుంది.

ఆ సంతోషంలోనే ఒక పొరపాటు చేశాను. మా అక్కకి ఎప్పటి నుంచో కడుపునొప్పి, ఉబ్బరం, ఒకరోజు మలబద్ధకం, ఇంకోరోజు విరేచనాలు. ఐబీఎస్ (ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్) అని డాక్టర్ చెప్పారు. అక్కా, నాకు ఇంత బాగా పనిచేసింది, నువ్వు కూడా మొదలుపెట్టు, నెమ్మదిగానే పెంచు అని నేనే వెంటపడి పొడి డబ్బా ఇచ్చాను. నా మాట మీద నమ్మకంతో వాడింది. 4 గ్రాముల దగ్గరే నొప్పి తట్టుకోలేక రాత్రంతా కూర్చుంది, వారం పాటు సరిగ్గా తినలేకపోయింది. నాతో మాత్రం ఒక్క మాట కోపంగా అనలేదు, “నీకు పడిందని నాకు పడాలనేముందిరా” అంది అంతే. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

తర్వాత చదివితే తెలిసింది. ఇనులిన్, ఎఫ్ఓఎస్, జీఓఎస్ మూడూ ఫాడ్‌మ్యాప్ అనే జాబితాలో ఉన్నాయి. ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో మొదలుపెట్టి అభివృద్ధి చేసిన జాబితా అది, ఐబీఎస్ ఉన్నవాళ్లకి ఇబ్బంది పెట్టే, తొందరగా పులిసే చక్కెరలు అందులో ఉంటాయి. అంటే ఒకరికి ప్రీబయోటిక్ అని అమ్మే పదార్థాన్నే ఇంకొకరికి కొంతకాలం మానమని చెప్తారు. ఇంకా ఆశ్చర్యం ఏంటంటే, నాటింగ్‌హామ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన పనిలో ఐబీఎస్ ఉన్నవాళ్లకీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ ఇనులిన్ తాగించి ఎంఆర్ఐ తీసి చూశారు. పేగులో చేరిన గ్యాస్ ఇద్దరిలోనూ ఇంచుమించు ఒకటే. నొప్పి మాత్రం ఐబీఎస్ వాళ్లకే ఎక్కువ. గ్యాస్ ఎక్కువై కాదు, అదే గ్యాస్‌కి వాళ్ల పేగు నరాలు ఎక్కువగా స్పందిస్తున్నాయి. కాబట్టి ఇలాంటివాళ్లని “కొన్ని రోజులు ఓర్చుకో, అలవాటైపోతుంది” అనడం న్యాయం కాదు. నేను అక్కతో సరిగ్గా ఆ మాటే అన్నాను.

దీనికో చిక్కు కూడా ఉంది. ఫాడ్‌మ్యాప్‌లు మానేస్తే నొప్పి తగ్గుతుంది కానీ బైఫిడోబ్యాక్టీరియా కూడా తగ్గిపోతాయి, తిండి మానేస్తే అవి మాత్రం ఎలా ఉంటాయి? అందుకే ఆ పథ్యాన్ని కొన్ని వారాలకి మించి పూర్తిగా చేయకూడదు, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తినడం మొదలుపెట్టి ఏది ఎంతవరకు పడుతుందో చూసుకోవాలి. ఇది సొంతంగా చేయడం కష్టం, డైటీషియన్ సాయం తీసుకోవాలి. అక్క ఇప్పుడు అలాగే చేస్తోంది.

ఐబీఎస్ లేనివాళ్లకి కూడా ఒక మాట. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలేపే నొప్పి, నడివయసు దాటాక కొత్తగా మోషన్ తీరు మారడం, వీటిలో ఏదున్నా బార్లూ పొడులూ కాదు, ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లండి. పరీక్షలన్నీ అయ్యాకే నేను ఈ పని మొదలుపెట్టాను.

ఇక ఆ 12 దగ్గరికి. మేలు జరగాలంటే రోజుకి అన్ని గ్రాములు కావాలి, కాబట్టి ప్యాకెట్‌లో ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న. ఇప్పుడు నేను ఏ ప్యాకెట్ మీద ప్రీబయోటిక్ అన్న మాట చూసినా ముందువైపు చదవడం మానేసి వెనక్కి తిప్పుతాను. ఇనులిన్, చికోరీ ఫైబర్, ఆలిగోఫ్రక్టోజ్, ఎఫ్ఓఎస్, జీఓఎస్ అని ఏ పేరుంది, ఒక్క వంతుకి ఎన్ని గ్రాములుంది అన్నవి చూస్తాను. కొన్ని బిస్కెట్లలో, సీరియల్స్‌లో ఒక గ్రాము కూడా ఉండదు, ఆ మాత్రం దానికి బ్యాక్టీరియా కదలదు, మోషనూ కదలదు. కొన్నిట్లో నా బార్లలా ఒకేసారి 9, 10 గ్రాములు పెట్టేస్తారు. కంపెనీలకి ఇనులిన్ అంటే ఇష్టం ఉండటానికి ఆరోగ్యం ఒక్కటే కారణం కాదు. నీళ్లలో కలిపితే వెన్నలాంటి నునుపు వస్తుంది, కొవ్వు తగ్గించిన ఐస్‌క్రీముల్లో, పెరుగుల్లో కొవ్వుకి బదులు వాడొచ్చు. పొట్టి గొలుసులైతే పంచదార తీపిలో మూడో వంతు తీపి ఉంటాయి. గ్రాముకి 1.5 కేలరీలే. కాబట్టి పీచు అంకె పెరుగుతుంది, చక్కెర అంకె తగ్గుతుంది, ముందువైపు రాసుకోవడానికి బాగుంటుంది. ఇందులో మోసమేమీ లేదు, కానీ చాక్లెట్ పూత, నూనె, చక్కెర పాకం ఉన్న బార్‌లో ఇనులిన్ కలిపితే అది ఇనులిన్ ఉన్న మిఠాయే అవుతుంది.

తయారీలో కూడా కొంత పోతుంది. రొట్టె పిండిలో కలిపితే ఈస్ట్ ఆ పొట్టి గొలుసుల్ని తినేస్తుంది. బాగా పుల్లటి పానీయంలో కలిపి ఎక్కువకాలం నిల్వ ఉంచితే, అందులోనూ వేడికి, గొలుసులు తెగి మామూలు ఫ్రక్టోజ్‌గా మారిపోతాయి, అప్పుడది మనకే అరిగిపోతుంది, బ్యాక్టీరియా దాకా వెళ్లదు. పెరుగు, సీరియల్స్ లాంటివి ఈ విషయంలో నయం.

ఇంకోటి, ఆపేస్తే ఫలితం ఆగిపోతుంది. తిండి ఆగిన కొద్ది రోజులకే బైఫిడోబ్యాక్టీరియా పాత సంఖ్యకి దిగిపోతాయి. నేను ప్రయాణంలో పది రోజులు మానేస్తే నోట్‌బుక్‌లో 2 నంబర్లు తిరిగొచ్చాయి. జీవితాంతం పొడి తింటూ ఉండాలా అన్న ఆలోచన అప్పుడే మొదలైంది.

ఆలోచిస్తే ఇవన్నీ మామూలు ఆహారంలో ఉన్నవే. ఉల్లిపాయ, వెల్లుల్లి, గోధుమ, బార్లీ, అరటిపండులో ఇనులిన్ జాతి పీచు ఉంటుంది, అరటిపండులో చాలా తక్కువే. శనగలు, బీన్స్, పప్పుధాన్యాల్లో జీఓఎస్ జాతివి ఉంటాయి. బంగాళదుంప, అన్నం వండి చల్లారబెడితే పిండిపదార్థంలో కొంత మళ్లీ గట్టిపడి అరగని రకంగా మారుతుంది, దాన్ని కూడా పెద్దపేగు బ్యాక్టీరియానే తింటాయి. అమెరికాలో 1999లో వేసిన ఒక లెక్క ప్రకారం అక్కడి మనిషి సగటున రోజుకి ఇనులిన్ 2.6 గ్రాములు, పొట్టి గొలుసుల ఆలిగోఫ్రక్టోజ్ 2.5 గ్రాములు తెలియకుండానే తింటున్నాడు, ఎక్కువగా గోధుమ నుంచి, ఉల్లిపాయ నుంచి. అంటే సున్నా నుంచి ఎవరూ మొదలుపెట్టట్లేదు.

పొడి ఒక్కదాని మీదే ఆధారపడకూడదని నాకు అనిపించడానికి ఇంకో కారణం ఉంది. ఒకే రకం పీచు ఒకే రకం బ్యాక్టీరియాని మేపుతుంది. పేగులో రకరకాల బ్యాక్టీరియా ఉండటం మంచిదంటారు, ఆ రకాలు పెరగాలంటే తిండి కూడా రకరకాలుగా ఉండాలి. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2021లో ప్రచురించిన అధ్యయనంలో పది వారాల పాటు కొంతమందికి పీచు బాగా పెంచారు, ఇంకొంతమందికి పెరుగులాంటి పులిసిన పదార్థాలు పెంచారు. బ్యాక్టీరియా రకాలు పెరిగింది రెండో గుంపులోనే, పీచు గుంపులో సగటున పెరగలేదు. నేను దీన్ని చూసి పీచు మానేయలేదు, పది వారాలు చాలలేదేమో కూడా, కానీ ఇనులిన్ డబ్బా ఒక్కటే చాలు అన్న ధీమా మాత్రం పోయింది. అలాగే 2018లో కొన్ని ప్రత్యేక ఎలుకలకి, అప్పటికే పేగు బ్యాక్టీరియా దెబ్బతిన్న వాటికి, శుద్ధి చేసిన ఇనులిన్ ఎక్కువగా పెడితే కాలేయ క్యాన్సర్ వచ్చిందని ఒక పరిశోధన వచ్చింది. మనుషుల్లో అలా జరిగినట్టు ఎక్కడా లేదు, భయపడాల్సిన పని లేదు, అయినా విడదీసిన పొడి, దాన్ని విడదీసిన కూరగాయ ఒకటి కాదని మాత్రం గుర్తుంచుకున్నాను.

ఇప్పుడు నేను పొడి 10 నుంచి 5 గ్రాములకి తగ్గించాను. మిగతాది పప్పుల నుంచి, ఓట్స్ నుంచి, ఉల్లిపాయ ఎక్కువ వేసిన కూరల నుంచి తెచ్చుకుంటున్నాను. మొదట్లో తీరిక లేదనుకున్న పప్పులు నానబెట్టే పని రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు, అంతే. తగ్గించిన మొదటి వారం టెన్షన్ పడ్డాను, మళ్లీ మొదటికి వస్తుందేమోనని. రాలేదు. నోట్‌బుక్‌లో వారానికి ఐదు గీతలు అలాగే ఉన్నాయి.

అక్క నిన్న రాత్రి ఫోన్ చేసింది. డైటీషియన్ చెప్పినట్టు ఉల్లిపాయ తిరిగి మొదలుపెట్టిందట, మొదట ఒక చెంచా, రెండు రోజులు ఆగి ఇంకో చెంచా. “పావు ఉల్లిపాయ తిన్నానురా, రాత్రంతా హాయిగా పడుకున్నాను” అంది. ఈ వారం సగం ఉల్లిపాయతో చూస్తుందట. పొడి డబ్బా మాత్రం నాకు తిరిగిచ్చేసింది, అది అయిపోయాక కొత్తది కొనాలా వద్దా అని ఇంకా అనుకోలేదు.